కొండ విడిచిన నీరు

ఫరీదాబాద్ పడమటి అంచున ఆరావళి గుట్టల నడుమ ఒక మట్టికట్ట ఉంది. అది ఏ వరదకూ తెగలేదు. ఏ శత్రువూ దానికి గండి కొట్టలేదు. అయినా దాని వెనకున్న చెరువు చచ్చిపోయింది. ఆ చెరువు పేరు బడ్ఖల్.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో పొలాలకు నీరివ్వడానికి ఆ కట్ట వేశారు. 1970ల్లో హర్యానా పర్యాటక శాఖ అక్కడ విడిదిగదులు కట్టి, పడవలు తెచ్చింది. అప్పటి నుంచి ఢిల్లీ జనానికి ఆదివారం వస్తే చూడదగ్గ చోటు బడ్ఖల్. ఉద్యోగాల మీద దక్షిణాది నుంచి వచ్చి ప్రభుత్వ క్వార్టర్లలో కాపురం పెట్టిన వాళ్లకు ఆ ముళ్లపొదల నేలలో అంత నీరు ఒక్కచోట కనబడటమే పండగ. చలికాలంలో వలస పక్షులు దిగేవి. కొత్త శతాబ్దం వచ్చిన కొద్ది ఏళ్లకే అందులో చుక్క నీరు లేకుండా పోయింది. అడుగుమట్టి నెర్రెలిచ్చింది. సర్కారు తుమ్మ మొలిచింది. నీళ్లుండాల్సిన చోట పిల్లలు వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడారు.

కరువొచ్చి ఎండిన చెరువైతే ఆకాశం వైపు చూసి, వచ్చే ఏడు నిండుతుందిలే అని సర్దిచెప్పుకోవచ్చు. బడ్ఖల్‌కు వచ్చింది వాన కరువు కాదు, కొండ కరువు. ఆ కొండ ఏమిటో, అది నీటిని ఎలా దాచిందో చెప్పకుండా ఈ చావు కథ చెప్పలేను.

ఆరావళి వయసు వంద కోట్ల ఏళ్ల పైమాట. హిమాలయాలు దానికి పసిబిడ్డలు. గుజరాత్ వైపు మొదలై రాజస్థాన్ అంతా దాటి వచ్చి, ఢిల్లీలో యమున ఒడ్డున వజీరాబాద్ దగ్గర దాని ఆఖరి రాళ్లు ఆగిపోతాయి. ఢిల్లీవాళ్లు ఈ చివరి భాగాన్ని రిడ్జ్ అంటారు. పెద్ద ఎత్తేమీ ఉండదు. రాయి క్వార్ట్‌జైట్, ఉలికి లొంగని రాయి. కానీ కోట్ల ఏళ్ల ఒత్తిడికి నిలువునా అడ్డంగా బీటలు పడి ఉంది. జులై నుంచి సెప్టెంబరు దాకా పడే వాన ఆ బీటల్లోంచి దిగి, కొండ కడుపులో నిలిచి, నింపాదిగా పక్కనున్న ఒండ్రు నేలల్లోకి ఊరేది. మిగిలింది పైన వాగులై పారి పల్లాల్లో చేరేది. తొలి ఢిల్లీలైన లాల్‌కోట్, మెహరౌలీ, తుగ్లకాబాద్ యమునకు దూరంగా ఈ రాళ్ల మీదే లేచాయి. అంతమంది జనం అన్ని వందల ఏళ్లు అక్కడ బతికారంటే కొండ ఇచ్చిన నీటి వల్లే.

ఆ సంగతి పాలించినవాళ్లకు తెలుసు. తోమర్ రాజులు అనంగ్‌పూర్ దగ్గర ఒక లోయకు అడ్డంగా రాతి ఆనకట్ట కట్టారు. అది ఇప్పటికీ ఉంది. దానికి దగ్గర్లోనే పదో శతాబ్దపు సూరజ్‌కుండ్, అర్ధచంద్రాకారంలో మెట్లు దిగే కోనేరు. అక్కడ 1987 నుంచి ఏటా చేతివృత్తుల మేళా జరుగుతోంది. 2016లో ఆ మేళాకు తెలంగాణ థీమ్ రాష్ట్రం. మన నేతన్నలు దుకాణాలు పెట్టిన మైదానానికి కాస్త అవతల ఆ కోనేరు ఎండి ఉంది. గణపతిదేవుని ఏలుబడిలో 1213 ప్రాంతంలో పాకాల చెరువు నీరు పట్టిన కొద్ది ఏళ్లకు, 1230లో, ఇల్తుత్‌మిష్ మెహరౌలీలో హౌజ్-ఎ-షమ్సీ తవ్వించాడు. ఓరుగల్లులోనైనా ఢిల్లీలోనైనా కింద రాతినేల, పైన కొద్ది నెలల వాన. ఆ వాననే ఏడాది పొడుగునా తాగాలి. 1334లో ఢిల్లీ చేరిన ఇబ్న్ బతూతా హౌజ్-ఎ-షమ్సీ వాననీటినే ఊరంతా తాగుతోందని రాసిపెట్టాడు.

ఈ చరిత్రలో నన్ను వెంటాడే మనిషి ఫిరోజ్‌షా తుగ్లక్. తన పాలనలో చేసిన పనులను ఆయన ‘ఫుతూహాత్-ఎ-ఫిరోజ్‌షాహీ’ అనే చిన్న గ్రంథంలో చెప్పుకున్నాడు. హౌజ్-ఎ-షమ్సీకి నీరు తెచ్చే కాలువలను కొందరు మూసేస్తే, వాళ్లను కఠినంగా శిక్షించి కాలువలు తిరిగి తెరిపించానని అందులో ఉంది. అలావుద్దీన్ ఖిల్జీ తవ్వించిన పెద్ద చెరువు, ఈనాటి హౌజ్ ఖాస్, పూడిపోతే జనం దాని అడుగున సాగు చేస్తూ బావులు తవ్వి ఆ నీళ్లు అమ్ముకునేవారనీ, తాను పూడిక తీయించాననీ ఉంది. చెరువును చంపి అందులోనే బావి తవ్వి నీళ్లమ్మడం ఢిల్లీలో ఆరువందల ఏళ్లకు పైబడిన విద్య! తేడా ఏమిటంటే, అప్పుడు మూసుకుపోయింది కాలువ. కాలువను మళ్లీ తెరవొచ్చు, పూడిక మళ్లీ తీయొచ్చు. కొండనే తీసేశాక తెరవడానికి ఏం మిగులుతుంది?

దేశ విభజన తర్వాత ఢిల్లీ పెరగడం మొదలుపెట్టి ఇక ఆగలేదు. కాలనీలు, ఫ్లైఓవర్లు, స్టేడియాలు, ఆ తర్వాత గుడ్‌గావ్ టవర్లు. వాటన్నిటికీ కంకర, ఇసుక కావాలి. రెండూ పక్కనే ఆరావళిలో ఉన్నాయి. ఎర్రటి గరుకు ఇసుకను ఢిల్లీ మేస్త్రీలు నేటికీ ‘బదర్‌పూర్’ అనే పిలుస్తారు. అది దక్షిణ ఢిల్లీ శివారు ఊరి పేరు. ఆ ఇసుక వచ్చింది ఈ కొండల నుంచే. ఈ కొండల్లోని భట్టీ గనుల్లో తవ్వినవాళ్లలో ఎక్కువమంది ఓడ్ కులస్తులు, విభజనలో సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. మన వడ్డెరలు చేసే పనులే వాళ్లవీ: మట్టి తవ్వడం, బావి తవ్వడం, రాయి కొట్టడం. తమది భగీరథుడి వంశమని చెప్పుకుంటారు, తమ వాడకు భగీరథ్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. నీటిని నేల మీదికి తెచ్చిన వాడి బిడ్డలమనుకునే మనుషుల చేతే కొండ నీటిని తోడే గోతులు తవ్వించింది ఆకలి.

ఈ పతనంలో అసలు మలుపు 1992లో ఉందని నా నమ్మకం. ఢిల్లీలో లాల్ కువా, ఆనంద్ పర్బత్, రాజోక్రీ, తుగ్లకాబాద్ ప్రాంతాల్లో రాళ్లు పిండికొట్టే క్రషర్ల దుమ్ముకు జనం ఊపిరాడక అల్లాడుతుంటే, న్యాయవాది ఎం.సి.మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు వాటిని ఆగస్టు 15 నుంచి ఆపేయమంది. మంచి తీర్పే. కాకపోతే ఆ క్రషర్లకు మరో చోటు చూపించారు. అది హర్యానాలోని పాలీ గ్రామం, బడ్ఖల్‌కు ఇరుగుపొరుగు. ఢిల్లీ ఊపిరితిత్తులను కాపాడేందుకు పక్క రాష్ట్రపు కొండను రాసిచ్చినట్టయింది. క్రషర్ ఎక్కడుంటే గని అక్కడికి వస్తుంది. గుట్టలు కరిగాయి. గుట్టలైపోయాక గోతులు మొదలయ్యాయి.

గని పైపైన ఉన్నంతకాలం కొండ తట్టుకుంటుంది. గొయ్యి భూగర్భజల మట్టం కంటే కిందికి దిగిన రోజున కథ మారిపోతుంది. అన్ని వైపుల బీటల్లోంచి నీరు ఆ గోతిలోకి ఊరుతుంది. పని సాగాలి కాబట్టి పంపులు పెట్టి రాత్రింబగళ్లు తోడి బయట పారబోస్తారు. చుట్టుపక్కల నేలలోని నీరంతా ఆ గోతి వైపే నడుస్తుంది. పైన పారే వాగులూ దారి తప్పి గోతుల్లోనే పడతాయి. కట్ట వెనక చెరువుకు అటు ఊట లేదు, ఇటు వాగు లేదు. ఎండదెబ్బకు ఆవిరయ్యేది మాత్రం ఎప్పటిలాగే ఆవిరవుతుంది. బడ్ఖల్ ఇలా పోయింది, ఏటికేడు కాస్త కాస్తగా, చూస్తుండగానే.

వదిలేసిన గోతులు ఇంకా ఉన్నాయి. కొన్నిటి అడుగున నీరు నీలంగా, అద్దంలా నిలిచి ఉంటుంది. నగరపు కుర్రాళ్లు ఈతకని దిగుతారు. అంచు నిటారు రాయి, లోతు అంతు తెలియదు, పట్టుకోవడానికేమీ దొరకదు. ఎంతమంది తల్లులు అక్కడ కూలబడి ఏడ్చారో, వాటిలో ఒక దానికి ఖూనీ ఝీల్ అనే పేరు పడింది. కొండ కడుపులో చీకట్లో భద్రంగా ఉండాల్సిన నీరు అలా ఎండకు ఆరుబయట పడి ఉండటం చూస్తే అందంగా ఉందనబుద్ధి కాదు నాకు. కోసిన ఒంట్లో లోపలి భాగాలు కనబడుతున్నట్టు ఉంటుంది.

మళ్లీ కోర్టుకు వెళ్లింది మెహతాయే. 1996లో బడ్ఖల్, సూరజ్‌కుండ్ చెరువుల కోసం వ్యాజ్యం నడిచింది. చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర గనులు ఆపాలని హర్యానా కాలుష్య నియంత్రణ మండలి సిఫారసు చేసింది. ఆ ఏడు మే 10న సుప్రీంకోర్టు రెండు కిలోమీటర్ల లోపు ఆపమంది. నీటికి రెండు కిలోమీటర్ల హద్దు ఎవరు గీయగలరు? గీత అవతల గోతులు లోతవుతూనే ఉన్నాయి. 2002 మే 6న, ఢిల్లీ సరిహద్దు నుంచి హర్యానా వైపు ఐదు కిలోమీటర్ల దాకా గనులే కాదు, భూగర్భజలం తోడటం కూడా ఆపాలని కోర్టు చెప్పింది. ఆరేళ్ల కిందట కాదన్న అంకె దగ్గరికే చివరికి వచ్చారు. అప్పటికి చెరువు ఆఖరి శ్వాసలో ఉంది. 2009 మే 8న ఫరీదాబాద్, గుడ్‌గావ్, మేవాత్ ప్రాంతాల్లో దాదాపు 448 చదరపు కిలోమీటర్ల ఆరావళిలో గనులన్నీ నిలిపేశారు. చెరువు అప్పటికే పోయింది. దేశం మొత్తం భూగర్భజలాల లెక్క చూసే కేంద్ర భూగర్భజల మండలి ప్రధాన కార్యాలయం కూడా ఫరీదాబాద్‌లోనే ఉంది, ఆ కట్టకు కొద్ది కిలోమీటర్ల దూరంలో. లెక్క తెలియక జరిగిన నష్టం కాదిది.

గనులాగాక ఆ పనివాళ్లు ఏమయ్యారన్నది కొండ కథకు తోబుట్టువు. రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్ పాలైనవాళ్లు ఊపిరితిత్తులు రాయై పోయారు. బతికినవాళ్లలో చాలామంది సూరజ్‌కుండ్ దగ్గర ఖోరీ అనే బస్తీలో ఇళ్లు వేసుకున్నారు, ట్యాంకరు నీళ్లు కొనుక్కుని తాగారు. అది అటవీభూమి అని 2021 జూన్ 7న సుప్రీంకోర్టు ఆరు వారాల గడువుతో ఖాళీ చేయించమంది. దాదాపు పదివేల ఇళ్లు. కరోనా రెండో తాకిడి ఇంకా పూర్తిగా తగ్గని రోజుల్లో, వర్షాకాలంలో, బుల్డోజర్లు వచ్చాయి. అడవిని కాపాడాలన్నది నిజం. కొండను తవ్వి లాభం తిన్నవాళ్ల ఇళ్లు మాత్రం ఆ వానలో కూలలేదన్నదీ నిజమే.

బడ్ఖల్‌లో ఇప్పుడు మళ్లీ నీరు నింపుతున్నారు. స్మార్ట్ సిటీ పథకం కింద, శుద్ధి చేసిన మురుగునీటిని గొట్టాల్లో తెచ్చి వదులుతున్నారు. ఏమీ లేనిదానికంటే అది మేలే. నీళ్లుంటే పక్షి వస్తుంది, ఆ పని చేసినవాళ్లను తప్పుపట్టను. కాని కొండ నింపిన చెరువు వేరు, గొట్టం నింపే తొట్టి వేరు.

చెరువు కనబడే నీరు కాబట్టి దాని చావు కనబడింది. కనబడని నీటి చావు ఇంకా పెద్దది. 1960లో ఢిల్లీలో చాలాచోట్ల నాలుగైదు మీటర్లు తవ్వితే నీరు పడేది, కొన్నిచోట్ల పొలాలు నీరు నిలిచి ఊబి పట్టేవి. 2001 నాటికి దక్షిణ ఢిల్లీలో మట్టం అంతకుముందుకంటే 8 నుంచి 30 మీటర్ల మేర పడిపోయింది. ఇప్పుడు ఛత్తర్‌పూర్, మెహరౌలీ వైపు కొన్నిచోట్ల నీటి లోతు 60 మీటర్లు దాటింది. 1506లో కట్టిన రాజోం కీ బావలీలో అంతస్తు మీద అంతస్తుగా మెట్లు దిగి వెళితే ఆ రోజుల్లో నీరు ఎంత పైన ఉండేదో గోడలే చూపిస్తాయి. కన్నాట్ ప్లేస్‌కు దగ్గరున్న అగ్రసేన్ దిగుడుబావికి ఫొటోల కోసం వచ్చేవాళ్లు నూరు మెట్లు దిగి పొడినేల మీద నిలబడతారు. నిజాముద్దీన్ దర్గా పక్క దిగుడుబావిలో మాత్రం ఊట ఇంకా బతికి ఉంది. అందుకే ఆ ఒక్కటి చూడటానికి వెళ్లినప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి.

రాజస్థాన్, పంజాబ్, హర్యానా, ఢిల్లీ కలిసి ఎంత నీరు పోగొట్టుకున్నాయో తూచింది ఆకాశంలోని గ్రేస్ అనే జంట ఉపగ్రహాలు. నేల బరువు తగ్గితే గురుత్వాకర్షణ రవ్వంత తగ్గుతుంది. ఆ తేడాను అవి పట్టుకునేవి. గ్రీన్‌లాండ్ మంచు ఎంత కరుగుతోందో చెప్పినవీ అవే. 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా ఈ ప్రాంతం 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం కోల్పోయిందని మాథ్యూ రోడెల్ బృందం 2009లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. మన లెక్కలో సుమారు 3,850 టీఎంసీలు. నాగార్జునసాగర్ నిండితే 312 టీఎంసీలు. అలాంటి పన్నెండు సాగర్లను ఆరేళ్లలో బోర్లు తాగేశాయి, అదీ వానలు మామూలుగానే పడిన ఆరేళ్లలో. అందులో పెద్ద వాటా వరి, గోధుమ పొలాలది. నగరాలూ తక్కువేమీ తినలేదు. గుడ్‌గావ్‌లో భవనాలు కట్టడానికి భూగర్భజలం వాడరాదని 2012లో పంజాబ్-హర్యానా హైకోర్టు ఆంక్ష పెట్టాల్సి వచ్చింది.

నీరు పోతే దాహమొక్కటే మిగులుతుందని చాలాకాలం అనుకున్నాం. నేల కూడా పోతుందని ఇప్పుడు తెలుస్తోంది. ఒండ్రుమట్టిలో రేణువుకూ రేణువుకూ మధ్య నీరుంటుంది. పైనున్న బరువులో కొంత ఆ నీరే మోస్తుంది. నీటిని తోడేస్తే బరువంతా మట్టి మీద పడి, బంకమట్టి పొరలు అణగారిపోతాయి. నేల కుంగుతుంది. ఐఐటీ బొంబాయి, జర్మనీలోని పోట్స్‌డామ్ భూశాస్త్ర కేంద్రం పరిశోధకులు మరికొందరితో కలిసి ఉపగ్రహ రాడార్ చిత్రాలతో దీన్ని కొలిచి 2022లో ప్రచురించారు. ఢిల్లీ విమానాశ్రయానికి ఒక కిలోమీటరు కూడా లేని కాపస్‌హేరాలో 2014-16లో నేల ఏడాదికి 11 సెంటీమీటర్లు కుంగితే, తర్వాతి రెండేళ్లలో అది 17 సెంటీమీటర్లు దాటింది. రాజధాని ప్రాంతంలో దాదాపు వంద చదరపు కిలోమీటర్లు ఈ ప్రమాదపు నీడలో ఉన్నాయి.

నీటి అండ పోతే నేల కూలడం ఒక్క ఢిల్లీ కథే కాదు. భూమికి ఆ చివర, సైబీరియాలోని యాకూత్స్క్‌లో, షెర్గిన్ అనే వర్తకుడు 1828లో నీళ్ల కోసం బావి తవ్వించడం మొదలుపెట్టాడు. 1837 దాకా, 116 మీటర్ల లోతు దాకా తవ్వినా నీరు పడలేదు. నేల అంత లోతునా గడ్డకట్టే ఉంది. వేసవిలోనూ కరగని ఆ మంచునేల మీదే రష్యా ఊళ్లు, రైలుదారులు, చమురు ట్యాంకులు కట్టింది. ఇప్పుడు ఆ నేల కరుగుతోంది. 2020 మే 29న నొరిల్స్క్‌లో ఒక డీజిల్ ట్యాంకు పునాది కుంగి కూలిపోయి, 21,000 టన్నుల డీజిల్ వాగుల్లో, మట్టిలో కలిసింది. మంచునేల కరగడమే కారణమని ఆ ట్యాంకు యజమాని కంపెనీ చెప్పింది. అక్కడ మట్టిని పట్టి ఉంచిన నీరు మంచు రూపంలో ఉంది, ఇక్కడ ఊట రూపంలో. అక్కడ దాన్ని లోకం పుట్టించిన వేడి కరిగిస్తోంది, ఇక్కడ మనం మోటారు పెట్టి లాగేశాం. మంచుగడ్డలు కరిగి కూలిన నేల మళ్లీ గడ్డకట్టినా పాత ఎత్తుకు రాదు. ఒకసారి అణిగిన బంకమట్టి, నీరు తిరిగి వచ్చినా, పోయిన జాగాలో ఎక్కువ భాగం ఇక తెరవదు.

కాపస్‌హేరా కుంగుడును కొలిచిన పరిశోధనలోనే మరో ఊరి సంగతి ఉంది. కాపస్‌హేరాకు కొద్ది దూరంలోని ద్వారకలో 2014-16లో నేల ఏడాదికి మూడున్నర సెంటీమీటర్లు కుంగేది. తర్వాత కుంగడం తగ్గింది. 2018-19కి ఏడాదికి ఒక సెంటీమీటరుకు పైగా లేవడం మొదలైంది. ద్వారక అపార్ట్‌మెంట్లకు గొట్టాల నీరు వచ్చింది, బోర్ల మీద ఆంక్షలు అమలయ్యాయి, వాననీటి గుంతలు తవ్వారు, పాత చెరువుల్లో కొన్నిటిని బాగుచేశారు.

కాపస్‌హేరాలో ఉండేది ఉద్యోగ్ విహార్ బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే బీహార్, ఉత్తరప్రదేశ్ కూలీలు. ఒక్కో అంతస్తులో వరసగా గదులు, గదికి ముగ్గురు నలుగురు, తాగడానికి బోరు నీరు, ట్యాంకరు నీరు. ఆ బోరు ఆపమని వాళ్లతో అనే హక్కు నాకు లేదు. ద్వారకకు తెచ్చిన నీటి గొట్టాన్ని వాళ్ల వీధిలోకీ తెమ్మని ఢిల్లీ జలమండలిని అడిగే హక్కు మాత్రం ఉంది. అది వచ్చేదాకా వాళ్ల గదుల కింద మోటారు నడుస్తూనే ఉంటుంది.